షీఖా రఖియా ఏడవలేదు

కాసాబ్లాంకా

గౌరవనీయులైన లల్లా రఖియాకు,

సలాములతో వియామ్ రాసేది. మీ జీవితం మీద తీస్తున్న సినిమాలో మీ పాత్ర నాది. పెళ్లిళ్లలో పాడే షీఖాలు ఎందరున్నా మీ గొంతు వేరు. ఆరు నెలలుగా మీ పాటలే వింటున్నాను. నిన్న పెళ్లి పాట తీశారు, వీడియో కాసెట్టు పంపుతున్నాను. దర్శకుడు భేష్ అన్నాడు. మీరు మాత్రం మొహమాటపడకుండా తిట్టండి.

మీ దీవెన కోరే
వియామ్

సఫీ

ప్రియమైన పిల్లా,

తిట్టమన్నావుగా, విను. ఆ మట్టి డప్పు ఏమిటి, తడిగుడ్డ బాదినట్టు ఆ చప్పుడేమిటి! పాటకు ముందు దాన్ని నిప్పుల మీద కాచి చర్మం బిగించాలని ఆ మహానుభావులకు ఎవరూ చెప్పలేదా?

పైగా ఆ నవ్వొకటి. ఎవడి మెప్పు కోసం? మాచేత తెల్లవార్లూ పాడించుకుని, భోజనాలకి మాత్రం వేరే గదిలో కూర్చోబెట్టేవాళ్లు. అది తెలిసినది నవ్వదు. గడ్డం పైకెత్తి, పెళ్లిపెద్ద కళ్లల్లోకి చూస్తూ పాడుతుంది.

గొంతు మాత్రం బాగుంది. ఫోన్ చేయకు, మా అమ్మాయి నజాత్ ఎత్తుతుంది. తనకి ఈ గోల గిట్టదు.

రఖియా

కాసాబ్లాంకా

ప్రియమైన లల్లా,

పెళ్లి పాట మళ్లీ తీయించి, గడ్డం ఎత్తాను. లైట్లవాళ్లు కూడా పని మానేసి చూశారు! ఇంటికొచ్చినా మీ నడక నన్ను వదలడం లేదు. "షీఖాతో కాపురం చేస్తున్నట్టుందే" అని మా ఆయన గోల. "నీ అదృష్టం" అన్నాను.

ఇప్పుడొచ్చింది అసలు తలనొప్పి. చివరి సీనులో మీరు కూతురి అత్తింటివాళ్ల ముందు డప్పు పగలగొట్టి, ఇక పాడనని ఏడుస్తూ ఒట్టేస్తారట. మీ ఊళ్లో ఎవరో చెప్పారట. షీఖా పశ్చాత్తాపపడితేనే కుటుంబాలు సినిమాకొస్తాయంటాడు నిర్మాత. ఇది నిజమేనా?

మీ వియామ్

సఫీ

వియామ్,

పచ్చి అబద్ధం! ఏం తప్పు చేశానని పశ్చాత్తాపం? మోకాళ్ల నొప్పులొచ్చి మానేశాను, అంతే. ఆ సీను చేశావో, నీకూ నాకూ మాటల్లేవు.

రఖియా

కాసాబ్లాంకా

ప్రియమైన లల్లా,

చేయలేదు. డప్పు చేతికిచ్చి పగలగొట్టమన్నారు. నేను ఆ అత్తింటివాళ్ల కళ్లల్లోకి చూస్తూ పాట ఎత్తుకున్నాను. "ఆపు! ఇంకొకతెని పెట్టి తీసుకుంటాను" అని నిర్మాత కేకలు. "తీసుకో. ముందంతా నా మొహం, చివర్లో ఇంకొకతె మొహం. ఎవరు చూస్తారో చూద్దాం" అన్నాను. పోయిందనే అనుకున్నాను లెండి, ఇదే నా మొదటి పెద్ద వేషం. కానీ దర్శకుడు కెమెరా ఆపలేదు. అదే ఉంచారు.

సినిమా పూర్తయ్యాకే రాద్దామని ఇన్ని నెలలు ఆగాను. శుక్రవారం మీ సఫీలో మొదటి ఆట. తప్పక రండి.

మీ మొండిఘటం
వియామ్

సఫీ

ప్రియమైన వియామ్ తల్లీ,

వచ్చాను. ముసుగు కప్పుకుని వెనక వరసలో కూర్చున్నాను. తెర మీద నువ్వెక్కడా కనబడలేదు, అంతా నేనే. చివర్లో జనం లేచి చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం లేవలేకపోయాను. సిగ్గేసింది.

నీతో అబద్ధమాడాను. నజాత్ పెళ్లి కుదరాలంటే షీఖా తల్లి పనికిరాదన్నారు మగపెళ్లివాళ్లు. డప్పు నా చేతులతో నేనే పగలగొట్టాను. ఒట్టేశాను, ఏడ్చాను కూడా. పంతొమ్మిదేళ్లుగా వంటింట్లో కూనిరాగమైనా తీయలేదు. నేను చేయలేనిదాన్ని నువ్వు నా పేరు మీద చేసి చూపించావు. నా అబద్ధం కోసం నీ వేషం పోయేదే, నన్ను క్షమించు.

ఇంటికొచ్చి నజాత్‌తో చెప్పేశాను, "వచ్చే నెల నీ కూతురి పెళ్లిలో నేను పాడుతున్నాను" అని.

"అమ్మా! మా అత్తగారు ఏమంటారే?"

"ముందు వరసలో కుర్చీ వేయించు, బాగా వినబడుతుంది" అన్నాను.

ఒట్టు తప్పితే పదిమంది పేదలకు అన్నం పెట్టాలిగా. నిన్న కుస్‌కుస్ వండి పెట్టేశాను. దేవుడితో నా తగువు తీరింది, ఇక మనుషులే మిగిలారు.

ఇవాళ పొద్దున్న తలుపులన్నీ తెరిచి పాట ఎత్తుకున్నాను. గొంతు బొంగురుపోయింది, పై స్థాయి అందడం లేదు. ఎదురింటావిడ కిటికీ ధడాలున మూసింది. నేను ఇంకా గట్టిగా పాడాను. పెళ్లికి నువ్వొచ్చి నా పక్కన నిలబడు. నాకు అందని చోట నువ్వు అందుకో.

నీ
షీఖా రఖియా