ఆదివారం కూలి

30 నవంబర్ 1988

ప్రియమైన తమ్ముడు దేవదాస్‌కు,

అక్క శారమ్మ వందనాలు. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. డిచ్‌పల్లి దవాఖానలో నీ పని, మరదలు, పిల్లలు బాగున్నారనుకుంటాను.

కోత పండుగ నాడు నువ్వు మా గుడిలో ప్రసంగం చేసి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయావు. ఆరు రోజులు పని చేయాలి, ఏడో రోజు విశ్రాంతి తీసుకోవాలి, ఇది దేవుని ఆజ్ఞ అని చెప్పావు. అన్నం కోసం వచ్చిన మా జట్టు ఎల్లవ్వ ముందు వరసలో నిద్రపోతుంటే బల్ల గుద్ది లేపావు. అందరూ నవ్వారు. లేచిన తర్వాత ఆమె నీ మాట విన్నది. ఇంటికి వచ్చే దారిలో నన్ను అడిగింది:

"అక్కా, మీ దేవుడు నిజంగనే గట్ల జెప్పిండా, ఒక్కరోజు పనికి పోవద్దని?"

"చెప్పిండు."

"మరి మీరెందుకు పోతున్నరు?"

నీకు తెలిసిందే. చెరకు నరికే జట్టుకు మేస్త్రిని నేను. గానుగ సీజన్ మొదలైతే అయిపోయేదాకా ఆదివారం అనేదే లేకుండా నర్సన్న పటేల్ చెరకులో ఉంటాం. పొద్దున్నే ఇన్ని మోపులు కట్టి, చీర మార్చుకుని గుడికి పరుగెత్తి, ఆమెన్ అనగానే మళ్లీ కత్తి పట్టుకుంటాం. అమ్మ కూడా అట్లాగే చేసింది. ఆమె ఒక్క ఆదివారం కూర్చున్నట్టు నీకు గుర్తుందా? నాకు లేదు.

మరునాడు జట్టంతా మాట్లాడుకున్నాం. నర్సన్న ఇంటికి నేనే వెళ్లాను.

"ఇగ ఆదివారాలు రాము పటేలా."

"ఎందుకు, ఏం పండుగ?"

"పండుగ గాదు. ఆదివారం."

"నీ తమ్మునికేం, నీడపట్టున నౌకరి జేస్తడు. మాటలు జెప్తడు. ఫ్యాక్టరీ ఆదివారం ఆగుతదా?"

"ఫ్యాక్టరీ ఆగది పటేలా. మేం ఆగుతం."

పక్కన నిలబడ్డ జీతగాడు రాజలింగు నవ్వు ఆపుకోలేక పశువుల కొట్టంలోకి పోయాడు. నర్సన్న నవ్వలేదు.

నువ్వు చెప్పిన మాట ఇక్కడ ఎంత దూరం వచ్చిందో తెలియాలని రాశాను.

నీ అక్క,
శారమ్మ

*

డిచ్‌పల్లి
9 డిసెంబర్ 1988

ప్రియమైన అక్కకు,

దేవదాస్ వందనాలు. చిన్నవాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. నీ మరదలికి దగ్గు తగ్గింది.

నీ ఉత్తరం చదివి భయం వేసింది. అక్కా, నేను చెప్పింది మనసు గురించి. దేవుణ్ని మరచిపోవద్దని చెప్పాను. సీజన్ నడుమ పటేల్ ముందు నిలబడి పని మానెయ్యమని చెప్పలేదు. నేను కూడా ఆదివారాలు వార్డులో పుండ్లకు కట్లు కడతాను. దేవుడు నన్ను తప్పు పట్టడు గదా.

పాస్టరుగారు కూడా నాకు రాశారు. చర్చి పైకప్పుకు రేకులు ఇప్పిస్తానన్న నర్సన్న ఇప్పుడు ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నాడట. ఆదివారం పగలంతా పని చేసుకుని, పొద్దుగూకాక ఆరాధన పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదంటున్నారు. ఒప్పుకో. నీ ఒక్కదాని సంగతి అయితే వేరు. నువ్వు మేస్త్రివి. నీ వెనక అన్ని పొయ్యిలు ఉన్నాయి. నర్సన్న మనసులో కోపం పెట్టుకుంటే ఈ సీజన్ మీకు పని ఉండదు. ఒక మంచి మాట చెప్పి కలుపుకో. కావాలంటే క్రిస్మస్ అయ్యాక నేనే వచ్చి మాట్లాడతాను.

నీ మేలు కోరే తమ్ముడు,
దేవదాస్

*

2 జనవరి 1989

ప్రియమైన తమ్మునికి,

నువ్వు రావద్దు. వచ్చి నర్సన్న ముందు చేతులు కట్టుకుంటే, నీతో పాటు మేమూ కట్టుకున్నట్టు అవుతుంది.

నువ్వు భయపడిందే జరిగింది. నర్సన్న మహారాష్ట్ర నుంచి ఇంకో జట్టును తెచ్చాడు. చెరకు గట్టున గుడిసెలు వేసుకున్నారు. మేము వర్ని వైపు యాసంగి నాట్లకు పోతున్నాం. కూలి తక్కువ, బస్సు ఖర్చు ఎక్కువ. జట్టులో ఇద్దరు విడిచి వెళ్లారు. వాళ్లను నేను ఏమీ అనలేదు. మిగిలిన వాళ్లు నాతో ఉన్నారు. ఎల్లవ్వ రోజూ తిడుతుంది, రోజూ వస్తుంది.

నువ్వు ఆదివారం కట్లు కడతానన్నావు. సోమవారం నీకు సెలవు ఇస్తారు. అది రాయలేదు. నర్సన్న తన ఎద్దులను కూడా అప్పుడప్పుడు కొట్టంలో కట్టేసి మేత వేస్తాడు. అలసిపోయిన ఎద్దు బండి లాగదని ఆయనకు తెలుసు.

ఆదివారం మేము ఏం చేస్తున్నామో చెప్తాను. గుడికి పోతాం. వచ్చి తలలు దువ్వుకుంటాం. చెరకు ఆకు కోసిన చేతులకు నూనె రాసుకుంటాం. ఎల్లవ్వ వాకిట్లో చాప వేసుకుని పడుకుంటుంది. ఆమె మొగుడు మొదటి వారం చూసి పానం బాగాలేదేమోనని నుదురు పట్టి చూశాడు.

మొన్న ఆదివారం మరాఠీ జట్టులో ఉండే రాధాబాయి మన బోరింగు దగ్గరికి నీళ్లకు వచ్చింది. చంకలో బిడ్డ. ఎల్లవ్వ బిందె పక్కకు తోసి, "మా పని గుంజుకున్నరు, ఇగ నీళ్లు గూడ గావాల్నా?" అంది. నేను బిందె నింపి ఇచ్చాను. రాధాబాయి మమ్మల్ని చూసింది. అందరం ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నాం. "ఆజ్ రవివార్ ఆహే కా?" అని అడిగింది. ఈ రోజు ఆదివారమా అని. అవునన్నాను. బిందె ఎత్తుకుని చెరకులోకి పరుగెత్తింది.

ఆమెకు ఏ రోజు ఏ వారమో తెలియదు తమ్ముడూ. అమ్మకు కూడా గుడి గంట వింటే తప్ప తెలిసేది కాదు.

నేను నర్సన్న దగ్గరికి పోను. రేకులు లేకపోతే తాటాకు కింద ప్రార్థన చేస్తాం.

నీ అక్క,
శారమ్మ

*

డిచ్‌పల్లి
14 ఫిబ్రవరి 1989

ప్రియమైన అక్కకు,

బోధన్ బస్సు కండక్టరు చెప్పిన మాటలు విని వెంటనే రాస్తున్నాను. శనివారం నర్సన్న చెరకు తగలబడిందట. పని పోయిన కోపంతో మీ జట్టే నిప్పు పెట్టిందని బస్సులో అనుకుంటున్నారట. ఇంకా నమ్మలేని సంగతి ఇంకొకటి చెప్పాడు. ఆదివారం గుడి గంట కొడుతుంటే నువ్వు కత్తి పట్టుకుని నర్సన్న చెరకులో ఉన్నావట, జట్టు మొత్తం నీ వెంట ఉందట.

ఇదేమిటి? నేను బతిమాలితే వినలేదు. ఇన్ని వారాలు పస్తులుండి, చివరికి ఆదివారమే వెళ్లి లొంగిపోయారా? లేక నిప్పు సంగతి బయటపడకుండా ఉండడానికి వెళ్లారా? నువ్వు అట్లాంటి పని చేయవని నాకు తెలుసు. అయినా నీ నోటి నుంచి వినాలి.

పాస్టరుగారు అదే బస్సులో చీటీ పంపారు, కోపంగా ఉన్నారు. మార్చి మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ముందు నీ విషయం తేల్చాలన్నారు. ఆ రోజు ప్రసంగం నన్ను చేయమన్నారు. నిజం రాయి.

తమ్ముడు,
దేవదాస్

*

27 ఫిబ్రవరి 1989

ప్రియమైన తమ్ముడికి,

ఆలస్యంగా రాస్తున్నాను. పని ఎక్కువగా ఉంది. ఎక్కడ పని అనేది చివరికి చెప్తాను.

నిప్పు మేము పెట్టలేదు. నరికిన మడిలో ఎండాకు తగలబెట్టమని నర్సన్నే రాజలింగుకు చెప్పాడు. గాలి తిరిగింది. పక్కనున్న పెద్ద మడి అంటుకుంది. నర్సన్న గట్టు మీద నిలబడి కళ్లారా చూశాడు. అందుకే బస్సులో ఎవరు ఏమన్నా ఆయన మాత్రం మా పేరు ఎత్తలేదు.

నువ్వు చెరకు విడిచి చాలా కాలమైంది గనుక చెప్తున్నాను. కాలిన చెరకు వెంటనే నరికి ఫ్యాక్టరీకి చేర్చాలి. ఎండలో నిలబడితే రసం పులుస్తుంది, తూకం పడిపోతుంది. ఆ మడి మరాఠీ జట్టు ఒక్కదానితో అయ్యేది కాదు. పాడైతే వాళ్ల కూలి కోస్తానన్నాడు నర్సన్న. నిప్పు పెట్టించింది ఆయన, కూలి పోయేది వాళ్లది.

ఆదివారం పొద్దున గుడికి బయలుదేరుతుంటే రాధాబాయి వచ్చింది. చేతిలో బిందె లేదు. ముఖమంతా మసి, బిడ్డ ముఖం కూడా మసే. "బాయీ" అంది. చెరకు వైపు చెయ్యి చూపింది. నేను లోపలికి వెళ్లి పాత చీర కట్టుకుని కత్తి తీసుకున్నాను.

ఎల్లవ్వ అడ్డం నిలబడింది. "ఇన్ని దినాలు ఆదివారం, ఆదివారం అని మా పానం దీసినవు. ఇప్పుడు వాని చెరకులకా?"

"నిన్ను రమ్మంటలేను. నేను పోతున్న."

"నువ్వు బోతే నేనుంటనా? సిగ్గు లేదా నీకు అట్ల అననీకి?" అని తిట్టుకుంటూ నాకంటే ముందు నడిచింది. మిగతావాళ్లూ వచ్చారు.

నర్సన్న మమ్మల్ని చూసి లేచాడు. "నేను పిలువలే."

"పిలిస్తే రాకపోదుము" అన్నాను.

పొద్దుగూకే వరకు రెండు జట్లూ కలిసి నరికాయి. చివరి బండి కదిలాక నర్సన్న కూలి పట్టుకుని వచ్చాడు.

"తీస్కో శారమ్మ."

"వద్దు పటేలా."

"తక్కువయితదా? ఇంకింత ఇస్త."

"ఎంతిచ్చినా వద్దు. తీసుకుంటే ఆదివారం నీకు అమ్మినట్టయితది. ఇయ్యాల మాది. మాది మేం రాధాబాయికి ఇచ్చినం. నీకు గాదు."

"నాది నేను దీసుకుంటే ఏమాయె" అని ఎల్లవ్వ వెనక గొణిగింది. కానీ చెయ్యి చాపలేదు.

తర్వాతి ఆదివారం మేము గుడి నుంచి వచ్చేసరికి కాలువ గట్టంతా చీరలు ఆరేసి ఉన్నాయి. మరాఠీ జట్టు పనికి లేవలేదు. రాధాబాయి బిడ్డకు తలంటి పోస్తోంది. ఖాళీ బండ్లు వరసగా నిలబడ్డాయి. నర్సన్న నేరుగా నా దగ్గరికి వచ్చి, "వీళ్లకేం నేర్పినవే? వీళ్లను గూడ మీ మతంల కలిపినవా?" అని అరిచాడు.

"లేదు పటేలా. వాళ్ల దేవుడు వాళ్లకే ఉన్నడు. వాళ్లు బట్టలు పిండుకుంటున్నరు."

సీజన్ నడుమ మూడో జట్టు ఎక్కడా దొరకదు. రెండు రోజులకు రాజలింగు వచ్చి, రెండు జట్లూ రావచ్చని, ఆదివారం బండ్లు కట్టరని చెప్పి పోయాడు. నర్సన్న తన నోటితో అనలేదు. అనకపోయినా ఫరవాలేదు. నిన్న ఆదివారం చెరకులో ఒక్క కత్తి చప్పుడు లేదు. మేము ఇప్పుడు నర్సన్న చెరకులోనే ఉన్నాం.

ఇక నీ ప్రసంగం సంగతి. పాస్టరుగారు ఇంటికి వచ్చారు. విశ్రాంతి దినాన్ని మీరినందుకు గుడిలో లేచి నిలబడి క్షమాపణ అడగాలట. అడిగితేనే రొట్టె ఇస్తారట. నేను ఆయన్ని ఒకటే అడిగాను. "ఇన్నేండ్లు ప్రతి ఆదివారం నర్సన్న కోసం నరికి వచ్చి మీ ముందల కూసున్నం. ఒక్కనాడన్న లేవమన్నరా? ఒక్క ఆదివారం పక్కోళ్ల కోసం నరికితే లేవాల్నా?" ఆయన టీ తాగకుండా వెళ్లిపోయారు.

నువ్వు ఆదివారం పుండుకు కట్టు కడతావు. నేనూ అదే చేశాను. నీది తప్పు కాకపోతే నాది కూడా కాదు.

నేను లేవను తమ్ముడూ. వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. రొట్టె నన్ను దాటించి పోతే పోనీ. ఎవరు దాటించారో గుడంతా చూస్తుంది. నన్ను లేవమని చెప్పడానికే అయితే నువ్వు రావద్దు. వేరే మాట ఏదైనా ఉంటే మొదటి బస్సుకే రా, చారు అన్నం ఉంటుంది.

వస్తే ప్రసంగం పొట్టిగా చెయ్యి. రాధాబాయి కూడా వస్తానంది, తెలుగు రాకపోయినా. ఎల్లవ్వ పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ నిద్రపోతారు.

బల్ల గుద్దకు.

నీ అక్క,
శారమ్మ