టెంటు బొమ్మలో పొడుగావిడ

సూర్యాపేట,
దసరా వెళ్లిన వారం, 1949.

చి.ల.సౌ. సరోజను దీవించి నీ భర్త జానయ్య రాయునది.

నేను క్షేమం. వంటగిన్నెలు క్షేమం కావు. బతుకమ్మ పండక్కని కోదాడలో నీ పుట్టింటికి పోయినావు. బతుకమ్మలు నీళ్లలో కలిశాయి, ఊరంతా జమ్మి పంచుకుంది, నువ్వు మాత్రం రాలేదు. నేనే వచ్చి తీసుకపోవాలని మామగారు కబురు చేశారు. బడిలో ఇన్స్పెక్షన్ ఉంది, ఎట్లా వచ్చేది? నీకు దారి తెలియదా? మీ అన్నను తోడు తీసుకుని మోటారెక్కి రా.

మీ ఊళ్లో ఆడిన టెంటు సినిమా ఇప్పుడు ఇక్కడికి వచ్చింది. నిన్న చూశాను. హీరో హీరోయిన్ల సంగతి వదిలెయ్. నవ్వించడానికి ఇంకో జంటను పెట్టారు కదా, దవాఖాన కంపౌండరు, బట్టలు కుట్టే పిల్ల. వాళ్ల కథ చూస్తే నాకు ఒళ్లు మండింది. పాపం, అతడు సూది మందు పొడిచేటప్పుడు కూడా ఆ పిల్ల పేరే తలుస్తాడు. ఆమె ఉన్నట్టుండి మూతి ముడుచుకుని మేనమామ ఇంటికి పోయి కూర్చుంటుంది. ఎందుకు? కారణమే లేదు! మీ ఆడవాళ్ల తీరే అంత.

ఇట్లు,
జానయ్య

తా.క. పక్కింటి రేణుకమ్మ గోంగూర పచ్చడి పంపుతోంది. అందుకే ఈ ఉత్తరం రాయడానికి ప్రాణంతో ఉన్నాను.


కోదాడ.

శ్రీవారి పాదాలకు సరోజ నమస్కారాలు. మర్యాద ఇంతవరకే.

కారణం లేదా? ఆడవాళ్ల వైపు ముందు చాపలో కూర్చుని ఈ రెండు కళ్లతో చూశాను. ఆ కంపౌండరు జరీ అంచు చీర కట్టిన ఒక పొడుగావిడను కుర్చీలో కూర్చోబెట్టి, జడలో పూలు తురిమి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి మురిసిపోయాడు. కుట్టుపిల్ల కిటికీలోంచి అంతా చూసింది. నా పక్కనున్న ఆండాళు వదిన "వీని చేతులిరగ" అని టెంటంతా వినబడేట్టు తిట్టింది. చివరికి ఆ పిచ్చిది వాణ్ని ఎందుకు క్షమించిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

ఇంత జరిగితే మీకు కనబడలేదా? కనబడకపోతే మీ చూపు ఎటు పోయింది? కనబడి కూడా లేదంటున్నారంటే మరీ అన్యాయం. తెర మీది మగవాణ్ని కూడా వెనకేసుకొస్తారా?

దారి నాకు తెలుసు. పండక్కి పుట్టింటికొచ్చిన ఆడపిల్లను పెనిమిటి వచ్చి తీసుకపోవాలన్నదీ తెలుసు. మా వాడకట్టులో అందరి మొగుళ్లూ వచ్చి తీసుకపోయారు, మిగిలింది నేనే. నీళ్లకు పోతే "ఇంక ఈడనే ఉన్నవా సరోజా?" అని అడుగుతున్నారు, నాకు తల కొట్టేసినట్టవుతోంది. నాన్న రోజూ మోటారు స్టాండుకు పోయి, దిగినవాళ్లందరి మొహాలూ చూసి తిరిగొస్తున్నాడు. మీకేమో ఇన్స్పెక్షన్!

ఇట్లు,
మీ భార్య (ప్రస్తుతానికి)
సరోజ

తా.క. రేణుకమ్మ కూడా కాస్త పొడుగే కదూ?


సూర్యాపేట.

శ్రీమతి సరోజ గారికి జానయ్య రాయునది.

రేణుకమ్మకు పళ్లన్నీ ఊడిపోయి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. ఆమెను ఇందులోకి లాగకు.

నీ ఉత్తరం అందగానే మళ్లీ టెంటుకు పోయాను. మొదటి నుంచి శుభం పడేదాకా రెప్ప వేయకుండా చూశాను. పొడుగావిడ లేదు. జరీ అంచు లేదు. పూలు తురమడం అసలే లేదు. మా బడి మట్టయ్య పంతులు కూడా చూసి, "గసోంటి మనిషే లేదు జానయ్యా, కావాల్నంటే ప్రమాణం జేస్త" అన్నాడు.

అప్పుడు నాకు ఇంకో అనుమానం పుట్టింది. బొమ్మలో లేని మనిషిని చూశానంటున్నావంటే, నువ్వసలు బొమ్మకు పోయినావా? పోకపోతే ఆ సాయంత్రం ఎక్కడికి పోయినావు? ఎవరితో పోయినావు? అన్నం సహించడం లేదు నాకు. ఇది తేలేదాకా కోదాడ గడప తొక్కను.

జానయ్య

తా.క. టెంటులో నేను మెడ చాచి చాచి చూస్తుంటే పక్కనున్నతను "ఎవలి కోసమయ్యా?" అని అడిగాడు. "ఒక పొడుగావిడ కోసం" అన్నాను. అతను లేచిపోయి దూరంగా కూర్చున్నాడు.


కోదాడ.

సూర్యాపేట బడిపంతులు గారికి, కోదాడ లచ్చయ్య బిడ్డ రాయునది ఏమంటే,

ఎంత మాట అన్నారు! ఆ కుట్టుపిల్ల కళ్లతో చూసి అనుమానపడ్డది. మీరు చూడకుండానే పడ్డారు. మీకంటే ఆ కంపౌండరే నయం. మీ ఉత్తరం చదివి ఏడ్చాను, ఇంకోసారి చదివి పళ్లు కొరికాను.

టెంటు ఇప్పుడు మిర్యాలగూడకు పోయిందట. దేవమ్మ చిన్నమ్మ ఇల్లు ఆ పక్కనే. నేను పోయి మళ్లీ చూస్తాను. పొడుగావిడ ఉన్నట్టు తేలితే, మీరు కోదాడకొచ్చి వాడకట్టంతా చూస్తుండగా నన్ను తీసుకపోవాలి. లేనట్టు తేలితే నేనే తల వంచుకుని వస్తాను. ఒప్పుకుంటే రాయండి, లేకపోతే ఈ జన్మకు పుట్టిల్లే నాకు గతి అనుకుంటాను.

సరోజ

తా.క. నేను ఏడుస్తుంటే నాన్న "ఎందుకు బిడ్డా?" అని అడిగాడు. "కంపౌండరు వల్ల" అన్నాను. నాన్న కర్ర తీసుకుని ఇక్కడి దవాఖానకు పోయాడు. ఆ కంపౌండరు నేడో రేపో పింఛను తీసుకునే మనిషి. పొడుగావిడ ఎవతె అని నాన్న గద్దిస్తే, పాపం, వాళ్లావిడ పొట్టిగా ఉంటుందని చెప్పాడట.


సూర్యాపేట.

సరోజకు,

ఒప్పుకున్నాను. ఏమి చూస్తే అది రాయి, అబద్ధం రాస్తే మీ అమ్మ మీద ఒట్టు. ఆ ముసలి కంపౌండరుకు నా తరఫున క్షమాపణ చెప్పు. నీకు మాత్రం చెప్పను. పెళ్లాం మీద అనుమానపడే మనిషిని కాదు నేను, కానీ లేని మనిషిని ఎట్లా ఒప్పుకునేది?

జానయ్య

తా.క. రేణుకమ్మ పచ్చడి పంపడం మానేసింది. ఆమె పొడుగు గురించి నువ్వు రాసింది చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ.


మిర్యాలగూడలో మొదలుపెట్టిన ఉత్తరం.

ఏవండీ,

చూశాను. ఆట మొదలు కాకముందే టెంటు మేనేజరు తెర ముందుకొచ్చి, "ఈ ఊర్ల రాత్రిపూట జల్ది బంద్ జెయ్యమనే పోలీసోళ్ల తొందర లేదు, అన్ని రీళ్లూ సూపిస్తం. కోదాడల ఒకటి, సూర్యాపేటల రెండు తీసేసి ఆట జల్ది ఖతం జేసినం" అని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ మనిషిని ఏం చేయాలో మీరే చెప్పండి. మన సంసారాన్ని తీసి డబ్బాలో పెట్టి మూత వేశాడు!

ఇక వినండి. పొడుగావిడ ఉంది. జరీ అంచు ఉంది, పూలూ ఉన్నాయి. నేనూ చూడని తరువాతి రీలులో ఆ పొడుగావిడ చెమట పోస్తోందని జడ ఊడబెరికి కుర్చీ మీద పడేసింది. కింద గుండు! అది కంపౌండరు స్నేహితుడు. నాటకంలో రాణి వేషం కట్టుకుంటుంటే ఇతను పూలు పెట్టి ముస్తాబు చేశాడు. కుట్టుపిల్ల నోరు తెరిచింది, నేనూ తెరిచాను. ఇన్నాళ్లూ ఒక గుండు మగవాణ్ని చూసి కుళ్లుకున్నానా అని నవ్వొచ్చింది. మరుక్షణం మీరు రాసిన మాట గుర్తొచ్చి మళ్లీ మండింది.

ఇప్పుడు పొడుగావిడ ఉన్నట్టా, లేనట్టా? నేను గెలిచానా, మీరు గెలిచారా? చిన్నమ్మను అడిగితే "ఇద్దరూ ఇద్దరే" అని తల పట్టుకుంది. ఆలోచించి నేనే తీర్పు చెప్పుకున్నాను. మన వాకిలి దాకా సగం దూరం నేను వస్తాను, గడప దాటే మిగతా సగం మీరు రావాలి.

అందుకే ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. నేనే తెచ్చి మన వాకిట్లోంచే గడప లోపలున్న మీ చేతికిచ్చాను. మీరు చదువుతుంటే మూట పట్టుకుని ఇక్కడే నిలబడి ఉన్నాను. నా అంతట నేను గడప లోపలికి రాను. మీరు గడప దాటి బయటికొచ్చి, "సరోజా, నిన్ను తీసుకపోనీకి వచ్చిన" అనాలి. రేణుకమ్మ అరుగు దాకా వినబడేట్టు అనాలి. మీరు రాసిన ఏ ఒక్క ఉత్తరంలోనూ ఆ మాట లేదు. నేను ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే.

ఇట్లు,
మీ ఎదురుగా నిలబడ్డ
సరోజ

తా.క. తోడొచ్చిన చిన్నమ్మకు కాళ్ల నొప్పులు. ఇంకా చదువుతూ కూర్చున్నారేమిటి? అయిపోయింది. బయటికి రండి.