లైను తెగలేదమ్మా

అమ్మకు నమస్కరించి రాస్తున్నాను. నీ మనవరాలు కులాసాగానే ఉంది, కంగారు పడకు.

తలలో కణితి తీసిన చోట కుట్లు మానాయి. ఇక్కడ ఆపరేషన్ అయిన పిల్లలందరికీ నడక, మాట మళ్లీ మొదటి నుంచి నేర్పుతున్నారు. ఇది గోడ కమ్మీ పట్టుకుని వరండా చివరిదాకా నడుస్తోంది. మాటే ఆలస్యం. వాగుడుకాయ అని నువ్వు ముద్దు చేసిన పిల్ల ఇప్పుడు ఒక్కో మాటా కూడగట్టుకోవాల్సి వస్తోంది.

నిన్న నీకు ఫోన్ చేసింది నేను కాదు, అదే. మాట నేర్పే టీచరుతో పొద్దుటి నుంచి ఒకటే సాధన. నువ్వేమో "హలో, ఎవరూ? ఈ దిక్కుమాలిన లైను మళ్లీ తెగింది" అని పెట్టేశావు. అది రిసీవరు చెవి దగ్గరే ఉంచుకుని "అమ్మ... మ్మా" అంది. తర్వాత నా వైపు తిరిగి "పాపం... పనుం... దేమో" అంది. నా ప్రాణం ఉసూరుమంది. నీ తప్పేం లేదు, నేనే ముందు చెప్పి ఉండాల్సింది. మళ్లీ చేద్దామంటే తల అడ్డంగా ఊపింది.

నీ దగ్గర వదిలొచ్చిన మా చిన్నవాడి దగ్గు తగ్గిందా? బూట్లు బిగుతయ్యాయేమో చూడు. దీనికి ముందు గుండీలున్న చొక్కాలు పంపు, తల మీంచి తొడగడం కష్టంగా ఉంది.

ఆదివారం ఎలాగో ఒప్పించి చేయిస్తాను. ఎంతసేపు చప్పుడు లేకపోయినా పెట్టేయకు, మాట అందించకు. అదేం అడగబోయిందో నాకు తెలుసు, కానీ రాయను. దాని నోటనే వినాలి నువ్వు.

నాన్నకు నమస్కారాలు, చిన్నవాడికి ముద్దులు.

నీ పెద్దమ్మాయి