బ్లేడా, పలకా

సుబ్బడి నాయనకు,

మన చేనికి కాలవ నీళ్లొస్తాయట. నువ్వు ఎదురుచూసిన నీళ్లే. చదును చేయడానికి మైదుకూరు మస్తాను బాడుగ ట్రాక్టర్ తెచ్చి, వెనక ఏది కట్టాలని అడిగాడు.

"ఇనుప బ్లేడైతే మూరెడు లోతు కోసి మిట్టను పల్లంలోకి తోస్తాదక్కా. చెక్క పలకైతే పైపైన ఈడుస్తాది. మిట్ట అట్లే ఉంటాది, నీళ్లెక్కవు."

చేలో నిన్ను పూడ్చిన చోట గుర్తుకు పెట్టిన రాయి ఇప్పుడు లేదు. మొన్న వానకు గట్టు తెగితే, కంగారులో నేనే దాన్ని దొర్లించి గండికి అడ్డం వేశాను. వాన వెలిసేసరికి చేనంతా ఒండ్రు. ఏ చోటో ఆనవాలు దొరకలేదు. నిన్ను మోసిన నలుగురినీ అడిగితే నాలుగు చోట్లు చూపించారు. అందులో ఒకటి ఆ మిట్ట.

పలకే కట్టమన్నాను, మిట్ట జోలికి పోవద్దన్నాను. నువ్వుంటే, "తిక్కదానా, నీళ్లొస్తాంటే పలకేందే?" అని కసిరేవాడివి.

మస్తాను అన్నం తింటున్నాడు. తిన్నాక ట్రాక్టర్ కదులుతుంది. ముందు నేను చెప్పుల్లేకుండా నడుస్తాను. చక్రం ఎక్కకముందే, మన్ను ఎక్కడ కుంగుతుందో అరికాళ్లతో చూసుకుంటాను.

నువ్వు మిట్టలోనే ఉండు.