నలభై మూడు తెల్ల అంగీలు

డెబ్బై ఒకటో ఏడు నడుస్తున్న నేను, వృత్తిరీత్యా దర్జీని, పెళ్లి చేసుకోనిదాన్ని, మోకాళ్లు తప్ప తక్కినవన్నీ సరిగ్గా పనిచేస్తుండగా, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. దీనికి ముందు ఇంకేదీ రాయలేదు. రాయవలసిన అవసరమే రాదని చాలాకాలం అనుకున్నాను. ఆ సంగతి మూడో అంశంలో చెప్పాను.

1. నేను కన్నుమూయక ముందే ప్రభువు వచ్చేస్తే ఈ కాగితం చెల్లదు. ఇలాంటి షరతు తన జన్మలో రాయలేదని దస్తావేజులు రాసే ఆయన అన్నాడు. అయినా రాయమన్నాను.

2. నన్ను రోజూ వేసుకునే నీలం నూలు బట్టల్లోనే పాతిపెట్టాలి. తెల్ల బట్టలు వద్దు.

3. ఇరవై రెండేళ్ల కిందట మా చర్చి సంఘంలో లెక్కల మాస్టారని ఒకాయన ఉండేవారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, బైబిల్లో దానియేలు దర్శనంలోని వారాలూ ప్రకటన గ్రంథంలోని నెలలూ కూడి, తీసివేసి, ప్రభువు రాకడ ఫలానా శుక్రవారం ఉదయం పదింటికని తేల్చారు. ఆ దినమూ ఆ గడియా దూతలకు కూడా తెలియవని వాక్యంలో ఉంది కదా అని అడిగాను. అది అప్పటి మాట, ఇప్పుడు రహస్యాల ముద్రలు విప్పే కాలం అన్నారు. నాకు సందేహం తీరలేదు. కానీ ప్రభువు ఎలా వస్తాడో చూడాలన్న ఆత్రం సందేహం కంటే పెద్దదైపోయింది.

ఆ రోజు ప్రభువుని కలుసుకోవడానికి వేసుకోవాల్సిన తెల్ల అంగీలు అందరికీ నేనే కుట్టాను. మేఘాల్లోకి వెళ్లేటప్పుడు గాలికి అంచు లేస్తుందేమోనని ఆడవాళ్లు బెంగపడితే, అంచు మడతల్లో చిన్న ఇనుప వాషర్లు పెట్టి కుట్టాను. మందుల షాపాయన కళ్లజోడుకి జేబు కావాలన్నాడు. అక్కడ చత్వారం ఉండదని మాస్టారు చెప్పినా, దారిలో ఏదైనా చూడాలంటే ఎలా అన్నాడు. పెట్టాను. నాకూ ఒకటి పెట్టుకున్నాను.

భర్త పోయిన దగ్గర్నుంచి నా చెల్లెలు పదేళ్ల కూతురితో నా దగ్గరే ఉంటూ పక్క మిషను మీద కుట్టేది. వాళ్లిద్దరి అంగీలతో కలిపి మొత్తం నలభై మూడు. ఆ శుక్రవారం మేం ప్రార్థనశాల మేడకి బయల్దేరుతుండగా ఎదురింటావిడ వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన మనవణ్ని ఆ మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి తెస్తున్నారట. కొన్న చొక్కాల్లో బిడ్డ కనిపించకుండా పోతున్నాడు, అరచేతిలో పట్టేంతవి ఐదు కావాలంది. చెల్లెలు అంగీ విప్పి మడతపెట్టి మిషను ముందు కూర్చుంది.

"నువ్వెళ్లక్కా. ప్రభువు అడిగితే పనిలో ఉందని చెప్పు," అంది.

ఇద్దరు ఆడవాళ్లు తిరగలి విసురుతుంటే ఒకామెను తీసుకుపోతారనీ, ఒకామె ఉండిపోతుందనీ ప్రభువు చెప్పిన మాట నా నోటికొచ్చింది. ఉండిపోయేది నువ్వే అని గుమ్మంలో నిలబడి అన్నాను. పిల్ల చెయ్యి పట్టుకుని రమ్మన్నాను. అది నన్నోసారి, తల్లినోసారి చూసి, చెయ్యి విడిపించుకుని తల్లి పక్కకి వెళ్లిపోయింది.

ప్రార్థనశాల మేడ మీద పది దాటింది, పన్నెండు దాటింది. సిమెంటు కాలుతుంటే ఒకరి నీడలో ఒకరం నిలబడ్డాం. మూడింటికి చంటిపిల్లల తల్లులు దిగిపోయారు. చివరికి మాస్టారూ నేనూ మిగిలాం. ఆయన చేతి గడియారాన్ని చెవికి ఆనించుకుని వింటున్నారు.

నేను ఇల్లు చేరేసరికి చొక్కాలు ఎదురింటికి వెళ్లిపోయాయి. చెల్లెలు ఏమీ అనకుండా అన్నం పెట్టింది. ఒక మాట దెప్పి ఉంటే ఓర్చుకునేదాన్ని. మర్నాడు నా మిషను వెనక గదికి జరిపించి మధ్య తలుపు వేసేశాను. ఒకే ఇంట్లో ఆరేళ్లు పిల్ల ద్వారా మాట్లాడుకున్నాం.

4. లెక్కల మాస్టారు ఆ తర్వాత వేరే సంఘానికి మారిపోయారు. మూడేళ్ల కిందట వచ్చి నా స్టూలు మీద కూర్చుని, "లెక్క తప్పలేదమ్మా, లెక్క వేయడమే తప్పు," అన్నారు. ఆ మాట మేడ మీద అందరి ముందూ అని ఉంటే బాగుండేది. ఇంకా నాకు కోపమే. ఆయన అంగీ నా పెట్టెలో ఉంది, ఇస్త్రీ చేసి ఇవ్వాలి.

5. నా ప్రశ్నల నోటుపుస్తకం ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే పాస్టరమ్మగారికి. రాకడనాడు బూర మోగితే చెవిటివాళ్లకు ఎలా తెలుస్తుంది? ప్రతి కన్నూ ఆయన్ని చూస్తుందంటే, భూమికి అవతలి వైపున్నవాళ్ల మాటేమిటి? సముద్రం ఇక ఉండదంటే చేపలెక్కడికి పోతాయి? ఇలాంటివి నూట పన్నెండు. జవాబులు రాయనక్కర్లేదు. పిల్లలు అడిగేవి చేర్చాలి.

అందులో నలభయ్యో ప్రశ్న వల్లే తలుపు తెరుచుకుంది. తిరగలి మాటకు ముందు ప్రభువు జలప్రళయం సంగతి చెప్పాడు. అందులో కొట్టుకుపోయినవాళ్లు చెడ్డవాళ్లు, ఉండిపోయినవాడు నోవహు. మరి తిరగలి దగ్గర మేలు ఎవరిది, పోయినామెదా, ఉండిపోయినామెదా? ఒక పాస్టరుగారు ఒకలా, తర్వాత వచ్చినాయన ఇంకోలా చెప్పారు. ఆగలేక ఒక మధ్యాహ్నం తలుపు తీసి చెల్లెల్నే అడిగాను. ఆరేళ్లకి అదే నా మొదటి మాట. తను మిషను ఆపలేదు.

"ఏమో అక్కా. ఆ పిండి కోసం ఇంట్లో ఎవరో ఆకలితో ఉండి ఉంటారు కదా," అంది.

ఆ వారమే నా మిషను ముందు గదికి తెచ్చుకున్నాను. మాస్టారిది తప్ప సంఘంవాళ్లు తిరిగిచ్చేసిన అంగీలన్నీ ఇద్దరం కత్తిరించి, నెలలు నిండని పిల్లలకు చొక్కాలు కుట్టి ఆస్పత్రికి ఇచ్చాం. రాకడ మీద నాకు నమ్మకం పోలేదు. ఎదురుచూడటానికి మేడ ఎక్కనక్కర్లేదని మాత్రం తెలిసింది.

6. పెద్ద కత్తెర ఎదురింటావిడకి. ఎప్పుడూ అరువు అడుగుతుంది.

7. ఈ రెండు గదుల ఇల్లూ, నా మిషనూ చెల్లెలికే రాయించబోయాను. సాక్షి సంతకం పెట్టినవాళ్లకి ఆస్తి దక్కదని రాసేవాయన హెచ్చరించాడు. చెల్లెలు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, సాక్షి సంతకం తనే పెడతానని కలం అందుకుంది.

"ఇల్లు పిల్లకి రాసెయ్యక్కా. ఆ రోజు నేను నీ పక్కన నిలబడలేదు. ఈ కాగితం మీదైనా నిలబడనీ," అంది.

ఎంత చెప్పినా వినలేదు. అందుచేత ఇల్లూ మిషనూ ఇప్పుడు నర్సుగా ఉన్న దాని కూతురికి చెందుతాయి. తల్లి బతికినన్నాళ్లూ ముందు గది తల్లికి వదలమని మాత్రం ఆ పిల్లని కోరుతున్నాను. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత కూడా ఆ పిల్లదే.

చదివి వినిపించగా విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని, ముందు గదిలో, పగటి వెలుగులో సంతకం చేశాను.

తేదీ: 20 నవంబరు 2019, బుధవారం.

(సంతకం) పెద్ద టైలరమ్మ

సాక్షులు:
1. మందుల షాపాయన
2. చెల్లెలు