శుక్రవారం తెల్లవారుజాము ఆపరేషన్

అమలాపురం, మంగళవారం రాత్రి

కడుపులో ఉన్న బిడ్డకి కూడా పంచాంగం చూస్తున్నారు. సాయంత్రం రాజోలు నుంచి వియ్యంకుడుగారు ఫోన్ చేశారు. శుక్రవారం తెల్లవారుజామున మంచి ముహూర్తం ఉందని పంతులుగారు చెప్పారట, మా అమ్మాయి సరితకి అప్పుడు ఆపరేషన్ చేయించేద్దామట. ఆ వేళకి డాక్టర్లు రావాలంటే ఆసుపత్రికి అదనంగా కట్టాలి.

"ఆ ఖర్చు మేం పెట్టుకుంటాం లెండి బావగారూ."

"ఖర్చు సరేనండి. కోత ఎవరికి?"

"ఆయ్, మళ్లీ ఉపన్యాసం మొదలెట్టేరు."

మొదలెట్టక ఏం చేయను? బిడ్డ తల కిందికే ఉంది, మామూలు కాన్పే అవుతుందని నిన్ననే డాక్టరుగారు చెప్పారు. గ్రహాల పేరుతో పంతులు, వేళకాని వేళ పేరుతో ఆసుపత్రి, ఇద్దరూ నా కూతురి కడుపు మీద వ్యాపారం చేస్తున్నారు. ఆ మాటే అరిచి ఫోన్ పెట్టేశాను.

అంతా విన్న సరిత నెమ్మదిగా అంది. "శుక్రవారమైతే ఆయన ఉంటారు నాన్నా. ఆదివారం కువైట్ వెళ్లిపోవాలి. సెలవు పెంచితే జీతం పోతుంది."

బిడ్డ పుట్టే వేళ తండ్రి పక్కన ఉండాలంటే జీతం వదులుకోవాలా?

సెలవు పెంచుకో, ఆ జీతం నేనిస్తానని రేపు అల్లుడికి చెప్పాలి. చిన్నబుచ్చుకుంటాడేమో. ఈలోగా నొప్పులు వాటంతటవే వస్తే బాగుండునని క్యాలెండర్ వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి నేనూ ముహూర్తమే చూస్తున్నాను...