సైడ్‌వాల్ మీద ప్యాచ్

తాడేపల్లిగూడెం

చిరంజీవి ఉషశ్రీకి నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ దగ్గు తగ్గింది. తగ్గీ తగ్గకుండానే శనివారం ద్వారకా తిరుమల వెళ్ళొచ్చింది, చెబితే వినదు కదా. టైర్ల ఫ్యాక్టరీలో నీ ట్రైనింగ్ బాగా సాగుతోందని రాశావు, సంతోషం.

నైలాను టైరుకీ రేడియల్‌కీ తేడా నా మాటల్లో చెప్పమన్నావు. ముప్పై ఏళ్ళ టైర్ల కొట్టులో నాకు తెలిసింది ఇంతే. నైలాను టైరులో దారాల పొరలు నులకమంచం అల్లినట్టు ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. గతుకుల్లో బరువు మోస్తుంది గానీ తొందరగా వేడెక్కుతుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా వెళ్తాయి. రోడ్డుకి తగిలే రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీలుంటాయి. పక్క భాగం, అదే సైడ్‌వాల్, మెత్తగా ఉంటుంది. అక్కడ దారాలు తెగితే గాలికి రబ్బరు బుడిపెలా పొంగుతుంది. దానికి ప్యాచ్ వెయ్యకూడదు. టైరు తీసి పారెయ్యాల్సిందే.

ఇది తెలిసీ వేశాను తల్లీ. ఫోనులో చెప్పలేక రాస్తున్నాను.

పోయిన మంగళవారం మధ్యాహ్నం దుర్గారావని ఎప్పట్నించో మన కొట్టుకే వచ్చే అతను కొల్లేరు నుంచి చేపల లోడుతో వచ్చాడు. వ్యాను వెనక రేడియల్‌కి బుడిపె. స్టెప్నీ టైరు అంతకుముందే పేలిపోయిందట. ఆ సైజు టైరు ఆ పూట ఊళ్ళో ఎక్కడా దొరకలేదు.

"ఐసు కరిగిపోతోందండీ. నల్లజర్ల చేరితే మా బావ టైరు తెస్తాడండీ" అని చేతులు పట్టుకున్నాడు.

లోపల ప్యాచ్ వేసి, "ఏం కాదు, వెళ్ళు" అన్నాను.

నల్లజర్లకి ఇవతలే పేలింది. వ్యాను బోల్తా పడింది. ఏలూరు ఆసుపత్రిలో అతని కుడికాలు తీసేశారు.

నిన్న వెళ్ళాను. అతను మందుల మత్తులో ఉన్నాడు. భార్య వీరలక్ష్మి నాకు కుర్చీ వేసి, "మీరు కాబట్టి ఆ ఎండలో సాయం చేశారండీ" అంది. ఆ మాట విన్నాక ఇంక దాచలేకపోయాను. ఆ ప్యాచ్ నిలవదని నాకు తెలుసని చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. ఇంతే అంది.

"ఆ మాట ఆ రోజు ఆయనకి చెప్పుంటే ఆగేవారండీ. మీ మాటంటే గురి ఆయనకి."

వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాను. సాయంత్రం అతనికి తెలివొచ్చింది. లోపల వీరలక్ష్మి జరిగింది చెబుతుంటే వినిపించింది. అతని గొంతు మాత్రం వినపడలేదు. ఎంతసేపు కూర్చున్నా వినపడలేదమ్మా.

ఇట్లు,
ఏం చెయ్యాలో తోచని మీ నాన్న,
కృష్ణమోహన్